ఏడో నంబరు దిండు

ఆ రోజుల్లో నాకు ఉత్సాహం ఎక్కువ, ఊపిరి తక్కువ. మాస్టర్స్ చదువుతూ, కొలరాడోలో చెట్లు కూడా ఇక మా వల్ల కాదని ఆగిపోయే ఎత్తులో, పూలు లెక్కపెట్టే ఉద్యోగం సంపాదించాను. (ఇంట్లో మాత్రం పరిశోధన అని చెప్పుకున్నాను.) ఆ మొక్క పేరు మాస్ క్యాంపియన్. నేలను కరుచుకుని పచ్చటి దిండులా పెరుగుతుంది. చలిగాలి పైనుంచి పోతుంది, లోపల వెచ్చగా ఉంటుంది. కంచమంత కావడానికి వందేళ్లయినా పట్టొచ్చట! "ఇది మా అమ్మమ్మకన్నా పెద్దది, జాగ్రత్త" అంటూ ప్రొఫెసర్‌గారు ఏడో నంబరు దిండును అప్పగించినప్పుడు నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. అది నిండుగా పూసిన రోజున పూలన్నీ లెక్కపెట్టాలి. లెక్క పోతే ఆ ఏటి రికార్డు పోయినట్టే, బహుశా నా ఉద్యోగం కూడా.

తీరా పూసింది శుక్రవారం. రాజమండ్రి నుంచి వచ్చిన మా రూమ్మేట్ వాళ్లమ్మను, చీర మీద స్వెటర్ వేయించి, వెంట తీసుకెళ్లాను. మర్చిపోయిన నోట్‌బుక్ కోసం కారు దాకా వెళ్లొచ్చేసరికి దిండు బోడిగా ఉంది. ఆంటీ కొంగు నిండా గులాబీ రంగు పూలు! (తెల్లారకముందే పక్కింటి గోడ మీంచి కోసి అలవాటైన చెయ్యి మరి.)

"ఎంత పని చేశారు ఆంటీ!"

"సాయంత్రం అమ్మవారికి అష్టోత్తరం చేసుకోవద్దూ? ఇక్కడెవరూ కోసుకోవట్లేదు, వేస్ట్ అయిపోతాయని..."

"ఒక్కోటీ కౌంట్ చేయాలండీ! నా జాబ్ పోతుంది!" నాకు ఏడుపొచ్చేసింది.

"ఓస్, అదా! లెక్కపెట్టే కోశానమ్మాయ్. నూట ఎనిమిది. ఇంకా మూడు పూలున్నాయి, ఉత్తరం వైపు పదకొండు మొగ్గలు. మొగ్గలు కోయకూడదుగా."

మోకాళ్ల మీద కూలబడి కొంగులోవీ, దిండు మీదవీ మూడుసార్లు లెక్కపెట్టాను; పక్కనే ఆంటీ కూడా పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. ఒక్కటి తేడా వస్తే ఒట్టు!

సోమవారం ప్రొఫెసర్‌గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఈ ఏడాది విత్తనాలు పోయినట్టే" అని నిట్టూర్చారు. తర్వాత రికార్డు తెరిచి, పూలను ఏ జంతువు తిన్నదో రాసే గడిలో, దుప్పి కింద 'ఆంటీ' అని రాశారు. "లెక్క మాత్రం భేష్. వచ్చే వేసవికి ఆవిడ వస్తారా?" అని అడిగారు.

ఏళ్లు గడిచాయి, ఇప్పుడు ఆ కొండలకు దూరంగా ఫ్రిస్కోలో స్థిరపడ్డాను. పోయిన వేసవిలో పనిగట్టుకుని వెళ్లి చూస్తే, ఆ దిండు గోరంత పెరిగినట్టుంది. నేను మాత్రం బాగానే పెరిగాను. దిండు నిండా పూసింది. ఆనందం పట్టలేక మోకాళ్ల మీద వంగి లెక్క మొదలుపెట్టి, నలభై దగ్గర తప్పాను. దిద్దడానికి ఆంటీ ఇప్పుడు లేరు. కళ్లు తుడుచుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆవిడలాగే పెదవులు కదుపుతూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.