మీటరు మీద క్యాలెండరు

మా మామగారు చింతచెట్టు మీద నుంచి పడి నడుము విరిగినప్పటి నుంచి మంచం మీదే ఉన్నారు. రేకుల ఇంటి వేడికి వీపు నిండా పుండ్లు పడ్డాయి. గది చల్లగా ఉంచమని మదనపల్లె డాక్టరు చెప్పడంతో మా ఆయన మొన్న ఏసీ పెట్టించారు. దాని మీద ఐదు నక్షత్రాల స్టిక్కరు ఉంది.

ఈ మధ్యాహ్నం ఏసీ వేయగానే మామగారు తలుపు పక్కనున్న కరెంటు మీటరు వైపు చూశారు. లోపలి చక్రం గబగబా తిరుగుతోంది.

“ఆపేయమ్మా. ఐదు సుక్కలంటే ఐదింతల కరెంటు తింటాది.”

“లేదు మామా, సుక్కలు ఎక్కువున్న ఏసీ మిగతావాటికంటే తక్కువ తింటాదంట. అంగట్లో చెప్పినారు.”

“అమ్మేటోడు ఇంకేం చెప్తాడు? సేన్లో పని చేసొచ్చినానా, సల్లగా పండుకునేదానికి?”

ఏసీ ఆపేశాను. కాసేపటికి వీపు తుడుస్తుంటే చర్మం గుడ్డకు అంటుకుని వచ్చింది. ఆయన పళ్లు బిగించారే కానీ అమ్మా అనలేదు.

నేను లేచి, గోడ మీది క్యాలెండరు తీసి మీటరుకు తగిలించాను. మళ్లీ ఏసీ వేశాను.

“ఇప్పుడు సక్రం ఎట్లుండాది?” అని అడిగారు.

క్యాలెండరు ఎత్తి చూశాను. అంతే వేగంగా తిరుగుతోంది.

“నిదానంగా తిరగతాండాది మామా.”

ఆయన కళ్లు మూసుకున్నారు. పెళ్లయ్యాక ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం ఇదే. రేపు కూడా అడుగుతారు. ఈ నక్షత్రాల సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎలా నమ్మించారో ఎవరైనా చెప్పండి. అందాకా క్యాలెండరు అక్కడే ఉంటుంది.