నాన్న జేబులో ఎర్ర తాళం

నా చిన్నప్పుడు మేము కెనడాలో, సార్నియాలో ఉండేవాళ్లం. నాన్న అక్కడ ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఎదురింటి అంకుల్‌ది కూడా అదే ఫ్యాక్టరీ. గోదావరి వైపు మనిషి, నాన్న కంటే పదిహేనేళ్లు పెద్ద. కష్టమైన తనిఖీలన్నీ పొద్దున్నే ముగించుకుని, భోజనమయ్యాక కారులో పావుగంట కునుకు తీసి, ఆ తర్వాత కాగితాల పనికి కూర్చునేవారట. ఈ సంగతి నాన్న ఇంట్లో కథలా చెప్పి నవ్వించేవారు. ఎదురుపడితే "గురువుగారూ, ఇవాళ గురక ఎంతవరకు వినిపించింది?" అని ఆటపట్టించేవారు. "నీ వంతు కూడా నేనే పడుకున్నానోయ్" అనేవారు ఆయన.

ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపి యంత్రాలన్నీ విప్పి శుభ్రం చేసేవారు. దాన్ని షట్‌డౌన్ అనేవారు. ఆ ఏడు నాన్న పదకొండు రోజులు వరసగా రెండేసి షిఫ్టులు చేశారు. కాస్త పడుకోమని అమ్మ పోరితే, "ఇక్కడ ఇండియా నుంచి వచ్చిన మనవాళ్లం ముగ్గురమే. అలిసిపోయామంటే అందరినీ కలిపి అంటారు" అనేవారు. తొమ్మిదేళ్ల నాకు అది చాలా గొప్పగా ఉండేది.

పన్నెండో రోజు శనివారం. నాన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చారు. షట్‌డౌన్‌లో కూడా వారపు సెలవు వదులుకోని అంకుల్ మా ఇంట్లో కాఫీ తాగుతున్నారు. నేను నాన్న కోటు తగిలించబోతే జేబు బరువుగా అనిపించింది. చెయ్యి పెడితే ఎర్రటి తాళం, చెవితో సహా. "నాన్నా, వాట్స్ దిస్?" అని బల్ల మీద పెట్టాను.

అంకుల్ కప్పు దించేశారు. "ట్యాంకులో మనుషులున్నారా?"

నాన్న తలూపారు. ట్యాంకులోకి మనుషులు దిగే ముందు, లోపల రసాయనాలు కలిపే మరను తిప్పే స్విచ్చికి ఆ తాళం వేయాలి, పొరపాటున కూడా ఎవరూ స్విచ్చి వేయకుండా. తాళం వేశానని నాన్న పొద్దున సంతకం పెట్టారు. ఆ సంతకాన్ని నమ్మి ఇద్దరు మనుషులు రెండు గంటలుగా ఆ మర రెక్కల మధ్య కూర్చుని ట్యాంకు అడుగు గీకుతున్నారు.

అంత లావు మనిషి అయిన అంకుల్ ఫోను దగ్గరికి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. "గెట్ దెమ్ అవుట్! నౌ!" అని అరిచి, రిసీవర్ చెవికి నొక్కుకుని నిలబడ్డారు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పోపు మాడుతున్నా ఎవరూ కదల్లేదు.

"ఇద్దరూ బయటికొచ్చారు" అన్నారు చివరికి. ఆ పూట స్విచ్చితో ఎవరికీ పని పడలేదు, అందుకే బతికారు.

నాన్న గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డారు. "వేశాననే గుర్తుందండీ. క్లిక్‌మన్న చప్పుడు కూడా గుర్తుంది" అన్నారు. నన్ను ఇప్పటికీ వణికించేది ఆ మాటే. ఆయన అబద్ధమాడలేదు. నిద్రలేని బుర్ర చేయని పనిని చేసినట్టు ఆయనకు చూపించింది, చప్పుడుతో సహా.

అంకుల్ తిట్టలేదు. "లే. జరిగింది జరిగినట్టు మనమే వెళ్లి చెబుదాం. కారు నేను నడుపుతాను" అని చెయ్యి పట్టి లేపారు. అక్కడ నాన్న ఏదీ దాచలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఆయన్ని రెండు వారాలు పనిలోంచి తప్పించారు. మొదటి రెండు రోజులూ ఆయన నిద్రపోతూనే ఉన్నారు.

తర్వాత నేను టొరంటోలో ఒక పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశాను. మనుషుల పేర్లు, కోర్టు వార్తలు సరిచూసే పని పొద్దుటి మొదటి గంటకే ఉంచుకునేదాన్ని. మధ్యాహ్నం ఉత్తరాలకు జవాబులు రాసేదాన్ని. సాయంత్రం బాగా అలిసి ఉన్నప్పుడు "ఇది చూసేశాను" అని మనసు ఎంత ధీమాగా చెబితే, ఆ కాగితాన్ని అంత భయంగా పక్కవాళ్ల చేతికిచ్చి, ఒక్కసారి చూడమని అడిగేదాన్ని. కొత్తగా చేరినవాళ్లు నవ్వేవారు. నవ్వనిచ్చేదాన్ని. వాళ్లు చూశాకే అచ్చుకు పంపేదాన్ని.