రెండు వందల తొంభై డిగ్రీలు

విద్యాధర్‌కు కుడి ఎడమలు లేవు. డిగ్రీలే ఉన్నాయి.

చెన్నూరులో మా ఎదురిల్లు ఆయనది. ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఏ రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చినా, ఒకదాని నుంచి రెండోది ఎటు ఉందో చెప్పే కోడ్ రాసుకున్నాడు. ఉత్తరం సున్నా. అక్కడి నుంచి గడియారం ముల్లులా తిరగాలి. బస్టాండు ఎటని అడిగినవాళ్లకు రెండు వందల పది అంటాడు. వాళ్లు ఆటో కిరాయి అనుకుని నడిచిపోతారు.

భార్య సరళాదేవి ఒకసారి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగింది. నూట ముప్పై, అన్నాడు. ఆ పూట ఇంటిల్లిపాదీ చప్పటి పప్పు తిన్నారు.

మొన్న పక్కింటి కొమురవ్వ బిడ్డ దీపిక పెళ్లి. తండ్రి అంతయ్య దుబాయ్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. డ్యూటీ దిగగానే ఫోన్ చేసి, అప్పగింతలైనా వీడియోలో చూస్తానన్నాడు. ఇంకా చేయలేదు. పెళ్లికొడుకు మేనమామ పర్శరాములు శ్రీరాంపూర్ వెళ్లే పెళ్లి బస్సు స్టార్టు చేయించేశాడు. తండ్రి ఉన్న దిక్కుకు మొక్కించి పంపితే సరిపోతుందన్నాడు.

పందిట్లో కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్‌తో కూర్చున్న విద్యాధర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లెక్క తేలాలె. తప్పు దిక్కు మొక్కితే ఎట్ల?"

"దుబాయ్ పడమటికుంటది సారూ. గదానికి లెక్కెందుకు?"

"పడమటికి ఆఫ్రికా గూడ ఉంది."

కోడ్ నూట అరవై అంది. దీపికను అటు తిప్పారు. అటు వంటలవుతున్నాయి. పిల్ల వంగి మొక్కింది. వంటాయన రాములు గరిటె చంకలో పెట్టుకుని, సల్లగ బతుకు బిడ్డా, అన్నాడు.

విద్యాధర్ తల గోక్కున్నాడు. సూత్రంలో రెండు విలువలు తారుమారయ్యాయట. సరిచేశాడు. మైనస్ డెబ్బై వచ్చింది.

"మైనసా?" కొమురవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆయనకేమన్న అయ్యిందా సారూ?"

"ఏం కాలేదక్కా. మూడు వందల అరవై కలుపాలె, గంతే."

మూడు వందల అరవై అంటే నిండు చుట్టని ఎవరో అన్నారు. ఆడవాళ్లు దీపికను గుండ్రంగా తిప్పారు. ఎందుకైనా మంచిదని పెళ్లికొడుకూ ఒక చుట్టు తిరిగాడు. ఇది ఏ ఊరి ఆచారమని పర్శరాములు అందరినీ అడుగుతున్నాడు. బస్సు హారన్ కొడుతోంది.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద అంతయ్య. హెల్మెట్ ఇంకా నెత్తి మీదే ఉంది. బిడ్డా, అన్నాడు. దీపిక ఫోన్‌కే మొక్కింది. దిక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు.

బస్సు వెళ్లాక కుర్చీలు తీస్తున్నాం. విద్యాధర్ కుర్చీ కింద సుద్దముక్కతో గీసిన బాణం కనిపించింది. పక్కన 290. దాని మీద తలంబ్రాల బియ్యం పడి ఉన్నాయి.

"నీకు ముందుగాలనే ఎర్కనా?" అన్నాను.

ఆయన చెప్పుతో బాణాన్ని తుడిచాడు.

"అంతయ్య డ్యూటీ దిగాలె గద."

నాకు ఆకలి తెలిసింది. రాములు ఇంకా వడ్డిస్తున్నాడా అని అడిగాను.

"నూట అరవై," అన్నాడు.

నేరుగా వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాను.