“ఆపరేషన్ అయింది” అంటే ఏ ఆపరేషన్?

ఇది చావుతో తలపడి గెలిచిన ఒక తల్లి మహాగాథ. ఇందులో కుండపోత వాన ఉంటుంది, అంబులెన్సు మోత ఉంటుంది, ఆపరేషన్ థియేటర్ ముందు కూలబడి ఏడ్చే కూతురు ఉంటుంది.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మేం దవాఖానకు బస్సులో వెళ్లాం. వానలే సరిగా పడని మా కోస్గి దిక్కు కుండపోత వాన అని రాస్తే మా ఊరివాళ్లే నమ్మరు. థియేటర్ ముందు నేను ఏడవలేదు. కుర్చీలు నిండిపోతే గోడకు ఆనుకొని నిలబడి పల్లీపట్టి తిన్నాను.

ఆ తల్లి మా అమ్మ. మాకు గొర్రెలున్నాయి, కొంచెం కందిచేను ఉంది. నేను కోస్గిలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తాను. అమ్మకు నెలసరి ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఒకరోజు పొద్దున బట్టలు నానబెడుతుంటే ఆమె చీర మీద నెత్తుటి మరక కనబడింది. ఏందని అడిగితే, గొర్రెపిల్లను ఎత్తుకున్నానని, దానిదే అయి ఉంటుందని అంది. ఆ రోజు మా మందలో ఏ గొర్రెకూ గాయం లేదు, ఏదీ ఈనలేదు. అడిగి తెలుసుకున్నాను. గొర్రెలను కాదు, నాయినను.

మరక మళ్లీ కనబడేసరికి దగ్గర్లోని ఒక చిన్న దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ జనం బాగా ఉన్నారు. సిస్టర్ నిలబడే ప్రశ్నలు అడుగుతోంది.

“ఆపరేషన్ అయిందా అమ్మా?”

“అయింది. ఇది పుట్టినంకనే చేయించుకున్న,” అని అమ్మ నన్ను చూపించింది.

మా ఊళ్లో ఆడవాళ్ల నోట ఆపరేషన్ అంటే ఒక్కటే, పిల్లలు కాకుండా చేయించుకునేది. సిస్టర్ అడిగింది గర్భసంచి తీయించుకున్నావా అని. మా దిక్కు చిన్న వయసులోనే సంచి తీయించుకున్నవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. సంచి లేని మనిషికి నెత్తురెక్కడిది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని గోలీలు రాశారు. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు, ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు. గోలీలు వేసుకున్నాక ఇన్‌ఫెక్షన్ తగ్గింది. లేనిది తగ్గడానికి ఎంతసేపు.

నెత్తురు మాత్రం తగ్గలేదు. కంది కోతల నాటికి నడుము నొప్పి కూడా మొదలైంది. ఈసారి మహబూబ్‌నగర్ పోయి స్కానింగ్ తీయించాం. తీస్తున్న డాక్టర్ మధ్యలో ఆగి, సంచి తీసేశారని పాత చీటీలో ఉంది, మరి ఇక్కడున్నది ఏందమ్మా అని అడిగాడు.

“సంచెందుకు తీస్తరు సారూ? పిల్లలు కాకుండ చేసిన్రు గంతే.”

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన మళ్లీ తెర వైపు చూసి నవ్వు ఆపేశాడు. నాకు భయమంటే ఏమిటో తెలిసింది అప్పుడే.

“లోపలి పొర మందంగ ఉంది. చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలె. లేటు చేయకండి,” అన్నాడు.

బయాప్సీలో ఎండోమెట్రియల్ క్యాన్సర్ అని వచ్చింది. అంటే గర్భసంచి లోపలి పొరకు వచ్చేది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. అమ్మ అన్నింటికీ ఒకటే జవాబు చెప్పింది: ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న. క్యాన్సర్ దవాఖానలో కూర్చొని.

ఇదే మనిషి గొర్రెకు బాగాలేకపోతే పశువుల డాక్టర్ అడగకముందే మొత్తం చెప్తుంది. అందుకే అన్నాను, “అమ్మా, నీ సంగతి వద్దు. మన నల్లగొర్రెకు గిట్లయిందనుకొని చెప్పు.”

ఇంటికి పోయినంక నీ సంగతి చెప్తా అన్నట్టు చూసింది. కానీ మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి, ఎంత, ఏ రంగు, వాసన ఉందా, నొప్పి ఏ పక్క. డాక్టరమ్మ రాసుకుంటూనే పోయింది. అంతా అయ్యాక అమ్మ అడిగింది:

“గొర్రెనైతే అమ్మేస్తం మేడం. మరి నన్నేం జేస్తరు?”

“నిన్ను ఉంచుకుంటం లేమ్మా,” అందామె. సంచి, అండాశయాలు తీస్తామని, ఎంతదూరం పోయిందో ఆ రిపోర్టు వచ్చాకే తెలుస్తుందని, అవసరమైతే రేడియేషన్ ఇస్తామని చెప్పింది. బతుకుతనా అని అమ్మే అడిగింది. అవకాశం బాగానే ఉంది, మాట మాత్రం ఇవ్వలేను అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అమ్మకు ఆ జవాబు నచ్చింది.

ఆపరేషన్ అయింది. ఫస్ట్ స్టేజే, కానీ క్యాన్సర్ సంచి గోడలోకి లోతుగా పోయింది కాబట్టి రేడియేషన్ తప్పదన్నారు. “ఇప్పుడెవరన్న అడిగితే రెండయినయని చెప్పాలె,” అంది అమ్మ.

రేడియేషన్ మొదలయ్యాక విరేచనాలు పట్టుకున్నాయి. మిషన్ దగ్గర ఉండేది కుర్రాడు, అతనికెట్ల చెప్తామని ఆ మాట మింగేసింది. వరండాలో కళ్లు తిరిగి పడిపోతే అడ్మిట్ చేసుకున్నారు. డాక్టరమ్మ వచ్చి, “చెప్తే గోలీ ఇస్తుంటిమి. చెప్పలేదని సెలైన్ ఎక్కిస్తున్నం,” అంది. ఆ తర్వాత అమ్మ వార్డులో అందరికీ అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. టీ అమ్మే ఆయనక్కూడా.

అంతా అయిపోయి, గొర్రెల వెంట మళ్లీ పోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చింది. గిరాకీ ముందే అంది:

“సంచి లేదు, అయినా ఎర్రగ కనబడ్డది. పా పోదాం.”

ఫోనుకు గ్లాసు వేయించుకుంటున్నాయన గ్లాసు లేకుండానే వెళ్లిపోయాడు. బస్సులో నా దగ్గర జోకులు కూడా లేవు. డాక్టరమ్మ ముందు కూర్చోగానే, ఆమె నోరు తెరవకముందే, అమ్మ తనకు తానే అంతా చెప్పింది. ఈసారి గొర్రె అవసరం రాలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి చిన్న ముక్క తీసి పంపింది. రిపోర్టు వచ్చేదాకా అమ్మ ఇంట్లో కందిపప్పు చెరిగింది, చెరిగిందే చెరిగింది. క్యాన్సర్ తిరిగి రాలేదు. రేడియేషన్ వల్ల లోపలి చర్మం పలచబడి నెత్తురు వచ్చిందట. పూతమందు ఇచ్చారు. “చెప్పి మంచి పని చేసినవు,” అంది డాక్టరమ్మ. అమ్మ ఆ మాట ఊరంతా చెప్పింది.

ఇప్పుడు బాగుంది. చెకప్‌కు పిలిచినప్పుడల్లా పోతున్నాం. మీరు పోయినప్పుడు ఆపరేషన్ అయిందని అక్కడితో ఆపకండి. ఏం తీశారో, ఏం ఉంచారో పేరు పెట్టి చెప్పండి. నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా ఆ మాటే ముందు చెప్పండి.

ఇంకొకటి. స్కానింగ్‌కు కడుపు నిండా నీళ్లు తాగిస్తారు. అయిపోయాక పోవాల్సిన బాత్రూముకు గొళ్లెం పడదు. తలుపు పట్టుకోవడానికి ఒకరిని తోడు తీసుకుపోండి.