కృతజ్ఞతల్లో మిగిలిన పేరు

పోయిన నెల మా శిష్యురాలు ఒక ఫైలు చంకన పెట్టుకుని పెందుర్తిలో మా ఇంటికి వచ్చింది. శిష్యురాలంటే చిన్నపిల్ల అనుకునేరు, వచ్చే ఏడాది కాలేజీ నుంచి రిటైరవుతుంది. ఆ లోపల ప్రొఫెసర్ అనిపించుకోవాలని ఆమె కోరిక. అందుకు ఇదే ఆఖరి అవకాశం, పెట్టిన దరఖాస్తు కాస్తా సైటేషన్లు చాలలేదని వెనక్కి వచ్చింది, సరిచేసి మళ్లీ ఇవ్వడానికి కొద్ది వారాలే గడువట. మన కాలంవాళ్లకు ఈ మాట కొత్త కాబట్టి చెబుతున్నాను. మనం అచ్చు వేసిన పరిశోధన వ్యాసాన్ని మిగతావాళ్లు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో కంప్యూటరు లెక్కపెడుతుంది, ఆ అంకెను బట్టి మనిషి ఏపాటి పండితుడో తేలుస్తారు. మా రోజుల్లో ఎవరైనా మన వ్యాసం సంగతి విని ప్రతి పంపమని ఒక కార్డు ముక్క రాస్తే, ఆ కార్డును నెల్లాళ్లు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం, అదే మా లెక్క.

మా ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లారిపోతుండగా ఆమె తన ఫోనులో నా పేరు కొట్టి చూపించింది. నేను కలం పక్కన పెట్టి ఏళ్లు గడిచాయి, అయినా నా అంకె ఆమె అంకెకు ఎన్నో రెట్లు ఉంది. అందులో ముప్పాతిక వంతు ఒకే ఒక్క వ్యాసానిది, మన తీరంలో కానాగంత చేపలు ఏ నెలల్లో గుడ్లు పెడతాయో తేల్చిన వ్యాసం. ఆ పనిలో నేను ఒక్క చేపను కూడా కోయలేదు.

ముప్పై ఏళ్ల కిందటి సంగతి. నేను లెక్చరర్ని, మా గురువుగారు డిపార్టుమెంటు హెడ్డు, ఆమె రీసెర్చి స్కాలరు. సముద్రం మీద వేటకు వెళ్లే ఇంటి పిల్ల, తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బరులో ఉండేది. బోట్లు ఒడ్డుకు చేరి చేపల వేలంపాట మొదలయ్యే లోపల, ఆ కాస్త వ్యవధిలోనే, చెక్క స్కేలుతో చేప పొడవు కొలిచి, కడుపు కోసి, గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. కడుపు కోసిన చేపకు పాటలో ధర పలకదు కాబట్టి మాలాంటివాళ్లను అక్కడ దగ్గరికి రానిచ్చేవారు కాదు. నేను ఒకసారి ప్యాంటు మడుచుకుని వెళ్లి చీవాట్లు తిని వచ్చాను. ఆమెకు మాత్రం అక్కడి ఆడవాళ్లు “మన పిల్ల సదువుకే కదే” అంటూ బుట్టలోంచి తీసి ఇచ్చేవారు. మూడేళ్లపాటు ఒక్క వారం తప్పకుండా అలా చేసింది. ఆ నోటుబుక్కులు మా బీరువాలో పెడితే గదంతా నీచు వాసన, గురువుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవారు.

వ్యాసం రాసే వేళకు ఆమె ఫెలోషిప్పు గడువు అయిపోయింది. యూనివర్సిటీ జాబితాలో ఉన్నవాళ్ల పేర్లు హోదా వరసన పైన వేయడం, లేనివాళ్లకు చివర కృతజ్ఞతలు చెప్పడం మా డిపార్టుమెంటు ఆచారం, ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ అడగనూ లేదు. గురువుగారి పేరు ముందు, నా పేరు తరవాత. శుద్ధప్రతి టైపు చేసింది నేనే. అమ్మాయి పేరు కూడా వేద్దామండీ అని ఒక్క మాట అంటే ఆయన ఏమనేవారో నాకు ఈనాటికీ తెలియదు. నాకు రీడరు పోస్టు ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది, ఇప్పుడు ఆయన మనసు నొప్పించడం ఎందుకులే అనుకున్నాను. దానికి బదులు చివర కృతజ్ఞతల్లో ఈమె శ్రమ లేనిదే ఈ వ్యాసం లేదని ఒక వాక్యం చేర్చి, ఎంత ఉదారంగా రాశానో అని నాలో నేను మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

ఆమె తరవాత కాలేజీలో చేరి, రాసినవన్నీ చిన్న చిన్న పత్రికల్లో రాసింది, వాటిని కంప్యూటరు చూడదట. దరఖాస్తులో పరిశోధనకు సహకరించినవారు అని ఒక గడి ఉంటే, దాపరికం తెలియని మనిషి కదా, హార్బరులో చేపలిచ్చిన ఆడవాళ్ల పేర్లు రాసింది. ఎవరో ఎర్ర సిరాతో కొట్టేశారు, అక్కడ విదేశీ విశ్వవిద్యాలయాల పేర్లు ఉండాలట.

ఆమె నన్ను అడిగింది సిఫారసు ఉత్తరం ఒక్కటే. నేనే ఉండబట్టలేక, జరిగింది జరిగినట్టు ఒప్పుకుంటూ, ఆమె పేరు పైన చేర్చమని ఆ కానాగంతల వ్యాసం వేసిన పత్రికవాళ్లకు రాశాను. ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది, అప్పటి రచయితలందరి సంతకాలూ కావాలట. గురువుగారు పోయి చాలాకాలమైంది. ఆ జవాబు పట్టుకుని ప్రమోషన్ల ఆఫీసుకు వెళ్తే, తెరమీద ఏముంటే మాకు అదేనండి అని కుర్చీ వేసి మరీ చెప్పి పంపించారు. పోట్లాడదామంటే ఎవరూ కసురుకోలేదు, దేనిమీద పోట్లాడను.

నిన్న గడువు ముగిసింది. ఫోను చేసి, నా వల్ల కాలేదమ్మా అన్నాను. అక్కడితో ఊరుకోక, ఆనాడే ఎందుకు అడగలేదు అని కూడా అనేశాను, తప్పు ఆమె మీదికి తోసినట్టు.

“ఏటని అడుగుతాను సార్,” అంది ఆమె. “ఆ పుస్తకంలో నా పేరు సూసి మా అయ్య పేటంతా తిప్పినాడు. పైనుందో కిందుందో అప్పుడు మాకేటి తెలుసు. పెద్దోళ్లు ఇంగ్లీసులో మా అమ్మికి దండం ఎట్టినారని సెప్పుకున్నాడు.”



మన రోజులు వేరు, ఇప్పుడు మనిషిని యంత్రం తూచే కాలం వచ్చిందని మా ఈడువాళ్లం సాయంత్రాలు పార్కు బెంచీల మీద కూర్చుని తిట్టుకుంటూ ఉంటాం. నిన్నటి నుంచి నాకు ఆ తిట్టు నోట రావడం లేదు. ఆ యంత్రం పైన ఉన్న పేర్లనే లెక్కపెడుతోంది, ఆ పేర్లు పైన వేసింది నేను.