ఏరియా మేనేజరు

మా తమ్ముడి కొడుక్కి గొప్ప మాట చెప్పే ముందు చొక్కా కాలరు సర్దుకోవడం అలవాటు. డిగ్రీ అయిన ఏడాది ఒకే వారంలో వాడికి రెండు ఉద్యోగాలు వచ్చాయి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా పని ఒకటి, విశాఖపట్నంలోని నీళ్ల ఫిల్టర్ల కంపెనీలో ఏరియా మేనేజరు పని ఒకటి. జీతం రెండు చోట్లా ఒకటే.

"ఏ ఏరియారా? నీ కింద ఎంతమంది?" అని అడిగాను.

కాలరు సర్దుకున్నాడు. "అయన్నీ సేరాక సెప్తారత్తా. గుమస్తా అంటే పిల్లనెవుడిత్తాడు?"

"సేరకముందే అడగాల్రా," అన్నాను. వినలేదు, ఫిల్టర్ల కంపెనీలోనే చేరాడు. ఫ్యాక్టరీవాళ్లు వారం చూసి, ఆ గుమస్తా కుర్చీలో మా పక్కింటి అబ్బాయిని కూర్చోబెట్టారు.

మూడో నెల మిట్టమధ్యాహ్నం మా గుమ్మం ముందు ఒక మోటారుసైకిల్ ఆగింది. వెనక సీటుకు తాడుతో ఫిల్టరు కట్టి ఉంది. చెమటకు తడిసి మావాడి కాలరు మెడకు అంటుకుపోయింది.

"పలాస సుట్టూ ఈ ఉద్దానమంతా నా ఏరియానే అత్తా. ఒకటి తీసుకో."

"మరి నీ కింద ఎంతమందిరా?"

"నేనొక్కణ్నే."

తీసుకుని, రసీదు అడిగాను. సంతకం పెట్టి, తడిసిన కాలరు సర్దుకుని, సంతకం కింద ఏరియా మేనేజరు అని రాసి రెండు గీతలు గీశాడు.