పొయ్యి పక్క కంత

నంద్యాలలో మేం కట్టుకుంటున్న రెండు గదుల ఇంటి దగ్గర మొన్న మేస్త్రీతో గొడవ పడ్డాను. అతనికి కిటికీలంటే ఎందుకో గిట్టదు. "వంటింటికి ఎదురెదురు రెండు కిటికీలు ఎందుక్కా? ఆ దుడ్లతో నేలకు టైల్స్ ఏసుకోవచ్చు గదా" అన్నాడు. "టైల్స్ వద్దు, బేతంచెర్ల బండలు పరుసు. కిటికీలు మాత్రం రెండుండాల, పొయ్యి పైన పొగ పోయే సందుండాల" అన్నాను. నా గొంతు ఎంత లేచిందంటే ఇసుక జల్లిస్తున్న ఆమె చేతులాపి నా వైపు చూసింది. నేను పెరిగిన ఇంటికి కిటికీలే లేవని పాపం అతనికేం తెలుసు.

ఆ ఇల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఉండేది. లేవనడం కూడా తప్పే, మొదట్లో మూడుండేవి. నేనింకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, నాయన తండ్రి, అంటే మా జేజినాయన, వంటింటి కిటికీ కింద గాలికి మంచం వేసుకుని నిద్రపోతుంటే పట్టపగలే పగవాళ్లు బయటి నుంచి నాటుబాంబు విసిరారు. మంచం కోళ్లు కూడా మిగల్లేదట. గోడకంటిన రక్తం కనబడకుండా మూడుసార్లు సున్నం కొట్టారట. ఆ వారంలోనే నాయన మూడు కిటికీలకూ బేతంచెర్ల బండలు నిలబెట్టి సిమెంటుతో పూడ్చేశాడు. పగలూ కక్షలూ ఉన్న ఇళ్లన్నీ అట్లాగే ఉండేవి. గోడ మందం చూసేవాళ్లు గానీ గాలి సంగతి ఎవరికీ పట్టేది కాదు. పొయ్యిలో కందికట్టె పొగ బయటికి దారిలేక ఇల్లంతా తిరిగి, చివరికి నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఏడేళ్లకే నా గొంతులో పిల్లికూతలు. మందుల కంటే ముందు ఇంట్లోకి గాలి రావాలని, మరోసారి ఇట్లా తెస్తే పిల్ల దక్కదని నంద్యాల డాక్టరు అమ్మతో అన్నాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ సంగటి కెలుకుతుంటే నాకు ఊపిరాడక పెదాలు నీలంగా మారాయి. అమ్మ తెడ్డు పారేసి, మూలనున్న గడ్డపార తీసి పొయ్యి పక్క కిటికీని పూడ్చిన బండను పొడవసాగింది. ఆ చప్పుడుకు పగవాళ్లే వచ్చారనుకుని నాయన గొడ్డలితో పరిగెత్తుకొచ్చాడు. సంగతి చూసి అమ్మ జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. "మా నాయన ఈడనే గదా ముక్కలైంది. మళ్ల తెరుస్తావా?" నొసలు పగిలి రక్తం కంట్లోకి కారుతున్నా అమ్మ గడ్డపార వదల్లేదు. "నరుకుతావా, నరుకు. బాంబు ఎప్పుడేస్తారో తెల్దు. పొగ మాత్రం నీ కూతుర్ని రోజూ సంపుతాంది." నాయన గొడ్డలి ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. గొడ్డలి దిగింది గానీ, బండ మీద. దాని వెనకవైపుతో నాలుగు దెబ్బలు వేసేసరికి బండ పగిలి వెలుతురు నా కాళ్ల మీద పడింది. అమ్మను కొట్టినందుకు నాయనను ఇప్పటికీ క్షమించలేదు. ఆ మొదటి గాలిని మరిచిపోనూ లేదు.

ఆనాటి నుంచి అమ్మ పొయ్యి ముట్టించినప్పుడల్లా నాయన బయట ఆ కంత కిందే, గొడ్డలి ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చునేవాడు. పొగంతా ఆయన మీదికే దిగేది. దగ్గుతూ కూర్చుని, వంటయ్యాక లేచేవాడు. చివరికి ఆయన్ను ఏ పగవాడూ చంపలేదు, ఆ దగ్గే తీసుకుపోయింది.

నిన్న మేస్త్రీ వంటింటి రెండు కిటికీలతో పాటు పడగ్గది కిటికీ కూడా నిలబెట్టాడు. "మంచం ఈడ కిటికీ కింద ఏసుకో అక్కా, గాలి బాగా తగుల్తాది" అన్నాడు. గదిలోకి నిజంగానే మంచి గాలి వస్తోంది. సరేనన్నట్టు తలూపి, సుద్దముక్క తీసుకుని మంచానికి చోటు గీశాను, కిటికీకి దూరంగా, అవతలి గోడ పక్కన. కాలం ఆ పగలనూ, పగపట్టిన మనుషులనూ తీసుకుపోయింది గానీ, కిటికీ కింద కునుకు తీసే ధైర్యాన్ని మాత్రం నాకింకా తెచ్చివ్వలేదు.